ఎపిసోడ్ 41: ఒక్క సిరంజి రక్తంతో క్యాన్సర్ దొరుకుద్దా? (చందు మళ్ళీ ప్లేట్ కడిగాడు)

మధు: ఆఁ, రికార్డవుతోంది. నమస్తే అందరికీ, గ్లాస్గో నుంచి నేను, హైదరాబాద్ నుంచి మా బావమరిది చందు. ఇవాళ ఎలైసా, అదే ప్లేట్‌లో రంగు మార్పు చూసి చేసే ల్యాబ్ పరీక్ష, దాని ఊసెత్తనని ఒట్టేశాడు.

చందు: ఆ ఒట్టు తీసి గట్టు మీద పెట్టా బావా. టాపికే యాంటీబాడీ టెస్టులైతే ఎలైసా లేకుండా ఎలా?

మధు: సరే, ముందు నన్ను చెప్పనీ. ఇక్కడ స్కాట్లాండ్‌లో ఊపిరితిత్తుల క్యాన్సర్‌ని ముందే పట్టడానికి 2013లో ఓ ట్రయల్ మొదలైంది, 50 నుంచి 75 ఏళ్ళ వాళ్ళు, ఎక్కువగా ఏళ్ళ తరబడి సిగరెట్లు తాగినోళ్ళు, మొత్తం 12,208 మంది. సగం మందికి ఎర్లీసీడీటీ-లంగ్ అనే రక్త పరీక్ష, సగం మందికి ఏం లేదు, మామూలు వైద్యమే. పాజిటివొస్తే సీటీ స్కాన్, తర్వాత ఆర్నెల్లకోసారి రెండేళ్ళ పాటు...

చందు: అసలు రక్తంలో ఏం వెతుకుతారో చెప్పవేం! గడ్డ చిన్నదిగా ఉన్నప్పుడు అది వదిలే ప్రొటీన్ ఏ మూలకీ చాలదు. కానీ పి53 లాంటి ప్రొటీన్ చెడిందనుకో, ఒళ్ళు దాన్ని పరాయిదనుకుని బోలెడన్ని యాంటీబాడీలు చేసేస్తది. దొంగ కనపడకపోయినా వీధి కుక్కలన్నీ మొరుగుతాయి కదా, అట్లా. రొమ్ము క్యాన్సర్ ఉన్నోళ్ళ రక్తంలో ఇవి 1982లోనే చూశారు. ఈ టెస్టులో ఏడు ప్రొటీన్లు పెట్టారు. ప్లేట్‌లో 96 గుంటలు, అడుగున ప్రొటీన్ అంటించి, సీరం, అంటే రక్తం గడ్డకట్టాక పైన తేలే నీరు, పోసి, కడిగి, మళ్ళీ కడిగి...

మధు: మొదలెట్టాడండీ.

చందు: కడగడంలోనే ఉంది బావా అంతా! సరిగా కడక్కపోతే టీఎంబీ అనే రంగు మందు పోయగానే సీరం వెయ్యని బ్లాంక్ గుంట కూడా నీలం తిరుగుద్ది, యాసిడ్ వేస్తే పసుపు, 450 నానోమీటర్ల కాంతి దగ్గర రీడింగ్ తీస్తే ఊరందరికీ పాజిటివే.

మధు: ఆదివారం నువ్వు పాడుచేసిన ప్లేట్ లాగా.

చందు: దాని సంగతొద్దు.

మధు: (నవ్వు) ఫలితం వినండి. రెండేళ్ళలో టెస్ట్ చేసిన వైపు 56 క్యాన్సర్లు, అందులో ముదిరాక దొరికినవి 33. చెయ్యని వైపు 71కి 52. తేడా ఉందా లేదా?

చందు: ఉంది. ఆ 56 మందిలో ఈ టెస్ట్ పట్టింది ఎంతమందిని? 18. మిగతా 38 మందికి నెగెటివ్. పాజిటివేమో వందలో పది మందికొచ్చింది, వాళ్ళలో నిజంగా క్యాన్సర్ తేలింది వందకి ముగ్గురో నలుగురో. మిగతావాళ్ళు రెండేళ్ళు స్కానింగుల చుట్టూ తిరగాల్సిందే. మా పిన్నికి జరిగిందదే.

మధు: పిన్నికి చేసింది ఈ టెస్ట్ కాదు కదరా.

చందు: కాదు, సీఏ-125, అండాశయ క్యాన్సర్ కోసం రక్తంలో చూసే ప్రొటీన్. అందులో ల్యాబ్‌లో చేసిన యాంటీబాడీతో ప్రొటీన్‌ని పడతారు, ఇందులో మనిషి యాంటీబాడీనే పడతారు, తేడా నాకు తెలుసు, ప్లేట్ మాత్రం అదే. పండగ ఆఫర్‌లో ఫుల్ బాడీ ప్యాకేజీ, దాంట్లో సీఏ-125 ఫ్రీ అన్నారు. రీడింగ్ 35 హద్దు దాటింది, రిపోర్టులో ఎర్ర అక్షరాలు. గర్భసంచిలో ఫైబ్రాయిడ్లు, అంటే క్యాన్సర్ కాని గడ్డలు, ఉన్నా పెరుగుద్ది, పొట్టలో టీబీ ఉన్నా పెరుగుద్ది, మన దేశంలో టీబీకేం తక్కువ? ఆ మాట చెప్పే నాథుడే లేడక్కడ. చివరికి ఫైబ్రాయిడ్లే అని తేలేలోపు ఆవిడ బీరువా తెరిచి ఏ గాజులు ఏ కోడలికో చీటీలు రాసి పెట్టేసింది బావా.

మధు: ...మీ అక్క నాకీ చీటీల సంగతి చెప్పలేదు.

చందు: అక్కకి తెలీదు. ఇప్పుడు తెలుస్తదిలే.

మధు: చూడు, నీ కోపం ప్యాకేజీల మీద. అది తెచ్చి ఈ ట్రయల్ నడిపిన డండీ వాళ్ళ మీద చూపిస్తున్నావు. వాళ్ళు దారిన పోయేవాళ్ళకి చెయ్యలేదు, రిస్కున్నోళ్ళని ఏరి చేశారు.

చందు: సరే, మీ బ్రిటన్ లెక్కే చెప్తా. 2001 నుంచి 2005 దాకా 2 లక్షల మంది ఆడవాళ్ళని చేర్చుకుని, కొంతమందికి ఏటేటా ఇదే సీఏ-125 చేసి, ఒక్క నంబరు కాకుండా అది ఏటికేడు ఎట్లా పెరుగుతోందో కూడా చూశారు. తొలి దశలోనే దొరికినవి పెరిగాయి, చప్పట్లు. 2021లో చావులు లెక్కేస్తే తగ్గలేదు. ముందు దొరకడం వేరు, మనిషి దక్కడం వేరు.

మధు: అది అండాశయం, ఇది ఊపిరితిత్తులు. ఊపిరితిత్తులకి సీటీతో చావులు తగ్గాయి కదా?

చందు: సీటీతో! అయితే రిస్కున్నోళ్ళందరికీ నేరుగా సీటీయే తియ్యి, మధ్యలో ఈ టెస్టెందుకు?

మధు: అందరికీ తీసేంత మెషిన్లూ డాక్టర్లూ ఎక్కడున్నార్రా? ముందు వడపోయడానికే ఈ టెస్టు.

చందు: ముగ్గుర్లో ఇద్దర్ని కిందకి వదిలేసే వడపోతా?

మధు: మరి నీ దగ్గర ఇంకోటుందా, చెప్పు.

చందు: ఏడు ప్రొటీన్లు కాకుండా ఇంకొన్ని కలిపి, ప్లేట్ సరిగ్గా కడిగి...

మధు: కడగడం దగ్గరికే వచ్చాడు మళ్ళీ! ఆగు, మీ అక్క ఫోన్ చేస్తోంది. నీకూ వస్తోందా?

చందు: వస్తోంది. నువ్వెత్తు.

మధు: నేనెందుకెత్తుతా, చీటీలు నీవి... చందూ? ఒరే, కట్ చేశాడేంటి.