మోయాబు కోడలికి రొట్టె, నీళ్లు

మిత్రులారా, బైబిల్లోని రూతు గ్రంథం అనగానే మనకు అత్తను విడిచిపెట్టని కోడలే గుర్తొస్తుంది. "నీ జనమే నా జనము, నీ దేవుడే నా దేవుడు" అన్న మాట పెళ్లిళ్లలో కూడా వింటాం. మంచి మాటే. కానీ నాలుగే అధ్యాయాలున్న ఈ గ్రంథానికి ప్రాణం రెండో అధ్యాయమని, బెత్లెహేము పొలంలో జరిగిన ఆ ఒక్క రోజని నా నమ్మకం.

అవి యవల కోతల రోజులు. భర్త పోయాక అత్త నయోమి వెంట పొరుగు దేశం మోయాబు నుంచి వచ్చిన రూతు పరిగె ఏరుకోవడానికి బయల్దేరింది. మన పల్లెల్లో వరి కోతలప్పుడు పరిగె ఏరినవాళ్లకు ఆ బెరుకు తెలుసు. ఎవరు ఏమంటారోనని చూసుకుంటూ, నడుం వంచి ఒక్కో వెన్నూ ఏరాలి. నిజానికి అది బిచ్చం కాదు. పొలం అంచులు పూర్తిగా కోయకూడదని, రాలినవి పేదలకీ పరదేశులకీ వదిలేయాలని మోషే ధర్మశాస్త్రమే చెప్పింది.

అదే ధర్మశాస్త్రంలో, ద్వితీయోపదేశకాండం 23లో ఇంకో మాట ఉంది. మోయాబీయులు పదో తరం వరకూ దేవుని సమాజంలో చేరకూడదు. ఎందుకు? ఐగుప్తు నుంచి వస్తున్న ఇశ్రాయేలీయులకు వాళ్లు రొట్టె, నీళ్లు తీసుకుని ఎదురు రాలేదు, పైగా శపించడానికి బిలాము అనే సోదెగాణ్ణి కుదుర్చుకున్నారు.

ఇప్పుడు రూతు పరిగె ఏరిన పొలం యజమాని బోయజును చూడండి. దాహమేస్తే పనివాళ్లు తోడిన నీళ్లు తాగమన్నాడు. భోజనాల వేళ దగ్గరికి పిలిచి రొట్టె తినమన్నాడు, పేలాలు తనే అందించాడు. ఏ రొట్టె, ఏ నీళ్లు పెట్టలేదని ఆ జాతిని దూరం పెట్టారో, అవే ఆ జాతి ఆడపిల్లకు పెట్టాడు. పాత బాకీ ఊసే ఎత్తలేదు.

అంతేనా, పనల్లోంచి కొన్ని వెన్నులు కావాలనే లాగి పడేయండి, ఆమెను ఏమీ అనకండి అని పనివాళ్లకు చెప్పాడు. ఆమె చెయ్యి చాచాల్సిన పని లేకుండా ఇచ్చాడు. నాకు ఈ గ్రంథమంతటిలో ఇదే మరీ ఇష్టం. ఆ సాయంత్రం తూమెడు యవలు ఇంటికెళ్లాయి. తను తినగా మిగిల్చిన పేలాలు కూడా రూతు తీసి అత్తకు పెట్టింది. దేవుడు నా బతుకు చేదు చేశాడని ఊరందరి ముందూ వాపోయిన నయోమి నోట మళ్లీ దీవెన పలికింది.

యూదులు ఈ గ్రంథాన్ని ఇప్పటికీ వారాల పండుగకు చదువుతారు. చివర్లో వంశావళి వస్తుంది: ఓబేదు, యెష్షయి, దావీదు. పదో తరం లెక్క పట్టుకుంటే రూతు మునిమనవడు దావీదు రాజుకే సమాజంలో చోటుండదు. ఆ నిషేధం మగవాళ్లకే అని తర్వాత రబ్బీలు, అంటే యూదుల మతగురువులు, తీర్పు చెప్పారు. గ్రంథకర్త మాత్రం వాదనకు దిగలేదు. "మోయాబీయురాలు రూతు" అని మళ్లీ మళ్లీ అంటూనే, ఆమెను దావీదుకు ముత్తవ్వగా నిలబెట్టాడు.