గోల్ఫ్ కర్రలూ, చోడంబలీ
(శ్రీకాకుళంలో నడక మిత్రుల ఆదివారం సమావేశంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. పొద్దున్నే నడిచొచ్చి, టిఫిను ఇంకా రాకముందే నా మాటలు వినడానికి కూర్చున్నారు. అందుకని తిండి సంగతులు కాస్త వెనక్కి నెడతాను. ముందే మొదలుపెడితే మీ చెవులు వంటింటి వైపు పోతాయి.

సంక్రాంతి వెళ్లిన వారంలో నేనూ మా ఆవిడా కారులో మూడు రోజులు తిరిగొచ్చాం. ఇక్కణ్ణించి విశాఖ, అటునుంచి విజయనగరం మీదుగా ఇంటికి, మర్నాడు పలాస. గోల్ఫ్ ఆడటానికి వెళ్తున్నామంటే మా వీధిలో ఒకాయన “రిటైరయ్యాక ఈ సరదాలేటి బావూ” అన్నారు. ఆయన ఇప్పుడు రెండో వరసలోనే ఉన్నారు. పేరు చెప్పను.

చిన్నప్పుడు గోడుంబిళ్ల ఆడినవాడికి గోల్ఫ్ సగం వచ్చినట్టే అనుకునేవాణ్ణి. పొరపాటు. గోడుంబిళ్లలో బిళ్ల ఎంత దూరం పోతే అంత గొప్ప. గోల్ఫ్‌లో దూరం ఒక్కటే చాలదు. ఎక్కడో మూడు నాలుగు వందల గజాల అవతల నేలలో 108 మిల్లీమీటర్ల గుంత ఉంటుంది. టీ సాసరు పట్టనంత గుంత. బంతిని వీలైనన్ని తక్కువ దెబ్బల్లో అందులో వేయాలి. ఒక్కో గుంతకి ఇన్ని దెబ్బలు చాలని ఒక లెక్క ఉంటుంది, దాన్ని పార్ అంటారు. దానికి ఒకటి తక్కువైతే బర్డీ, ఒకటి ఎక్కువైతే బోగీ. నావన్నీ బోగీలే, అంతకన్నా ఎక్కువే. ఇంజను తగిలిస్తే ఆమదాలవలస రైల్వే స్టేషన్లో ఆపొచ్చు.

గుంతలు 18 ఎందుకని మా ఆవిడ అడిగింది. స్కాట్లండ్‌లోని సెయింట్ ఆండ్రూస్‌లో ఒక ఆటకి 22 ఉండేవి. 1764లో కొన్నిటిని కలిపేసి 18 చేశారు. తర్వాత లోకమంతా అదే పట్టుకుంది. మన దేశానికీ ఇది కొత్త ఆటేం కాదు, కలకత్తా గోల్ఫ్ క్లబ్బు 1829 నాటిది.

మేం ఆడింది విశాఖలో ముడసర్లోవ దగ్గరున్న ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్‌లో. ఒక సభ్యుడైన మిత్రుడు అతిథులుగా తీసుకెళ్లాడు. మీరెవరైనా వెళ్లాలనుకుంటే ముందుగా ఫోన్ చేసి కనుక్కోండి. నేరుగా గేటు దగ్గర దిగితే బాగోదు.

బయల్దేరేటప్పుడు మా ఒప్పందం ఏమిటంటే, ఆట నాది, తిండి ఆవిడది. నేను ఆడుతుంటే ఆవిడ నీడపట్టున కూర్చుని చదువుకుంటుంది. ఆవిడ ఎక్కడ ఆపమంటే అక్కడ నేను కారు ఆపాలి. చూడ్డానికి న్యాయంగానే ఉంది కదా? రెండో గుంత దాకా కూడా నిలవలేదు.

నా బంతి పొదల్లోకి పోయింది. పోయిన బంతిని వెతకడానికి 2019 నుంచి మూడు నిమిషాలే గడువు, అంతకుముందు ఐదు ఉండేది. మా ఆవిడ నా కళ్లజోడు వెతికిపెట్టడంలో ముప్ఫై ఏళ్ల అనుభవం ఉన్న మనిషి. లేచి వచ్చి నిమిషంలో పట్టేసింది. ఇక మళ్లీ వెళ్లి కూర్చోలేదు, మిగతా గుంతలన్నీ నాతోపాటు నడిచింది.

దాంతో నాకో చిక్కొచ్చిపడింది. ఈ ఆటలో మామూలుగా పక్కన అంపైర్ ఉండడు, ఎవరి దెబ్బలు వాళ్లే లెక్కపెట్టుకోవాలి. ఒక గుంత దగ్గర నేను ఏడన్నాను, ఆవిడ ఎనిమిదంది. “ఒకసారి బంతికి తగల్లేదు కదా?” అన్నాను. “కొడదామనే కదండీ ఊపారు?” అంది. నిబంధన ఆవిడ వైపే ఉంది. కర్రల సంచి మోసే క్యాడీ కుర్రాడు నవ్వాపుకుని, “బావూ, బంతినే సూడండి, అదెల్లీ కాడికి కాదు” అన్నాడు. నాకు దొరికిన కోచింగ్ అంతా ఆ ఒక్క వాక్యమే. 36 పార్ ఉన్న తొమ్మిది గుంతలకి నా లెక్క 63. ఆవిడే రాసింది, కాబట్టి నిజం.

ఆవిడ నా ఆటలోకి దిగిందంటే నేనూ ఆవిడ పనిలోకి దిగాలిగా. ఇంతకాలం నాకు తినడమే తెలుసు, అడగడం తెలీదు. హైవే వదిలి భీమిలి మీదుగా వచ్చాం. తగరపువలసలో పూరీ, బొంబాయి చట్నీ. తెల్లారి ఒక్క ఇడ్లీతో ఆడాను మరి, కడుపు నిండుగా ఉంటే నడుం తిరగదు.

విజయనగరం చేరే ముందు చెట్టు కింద ఒకామె చోడంబలి పోస్తోంది. చోళ్లంటే బయట ఊళ్లవాళ్లకి రాగులు. చోడిపిండి ముందురోజు నీళ్లలో కలిపి పులియబెట్టాలట. మర్నాడు ఉడుకుతున్న నూకల్లో పోసి కాయాలి. చల్లారాక మజ్జిగ. పక్కన ఉల్లిపాయ, వేయించిన ఎండు నెత్తళ్లు. ఇదంతా నేనే అడిగి తెలుసుకున్నాను. “ఏటి బావూ, అంబలి కాయడం నేర్సుకుంటారేటి?” అని ఆమె నవ్వింది. నేర్చుకున్నాను కూడా, మొన్న ఇంట్లో కాచాను. ఉండకట్టింది, అది వేరే సంగతి.

విజయనగరంలో 1713లో మొదలుపెట్టిన కోట చూసి, ఒక మెస్‌లో భోజనం చేశాం. 1936లో ఇంగ్లండ్‌లో భారత క్రికెట్ జట్టుకి నాయకుడైన విజ్జీ ఆ రాజవంశం వాడే. ఆయన ఆట గురించి లోకం ఏమన్నదీ నేను మాట్లాడను, 63 కొట్టినవాడికి ఆ అర్హత లేదు. ఆ పూట పనసపొట్టు కూర ఉంది, ఆవపెట్టింది. మా ఇంట్లో ఒక్కోసారి చేదు తగులుతుంది, ఇక్కడ లేదు. వంటాయన్ని అడిగితే, పొయ్యి మీద నుంచి దింపాకే ఆవముద్ద కలపాలన్నాడు. ఈ మాట ఇంటికి మోసుకొచ్చింది నేనే అని ఇక్కడ అందరి ముందూ నమోదు చేస్తున్నాను.

దారిలో ఖద్దరు నేసే పొందూరు వెళ్లాం. అక్కడ పత్తిని శుభ్రం చేయడానికి వాలుగ చేప దవడ ఎముక వాడతారు. ఆ సన్నని పళ్లే దువ్వెన. చీర ధర మాత్రం చెప్పను.

మూడోరోజు మడపం దగ్గర వంశధార దాటి, టెక్కలి మీదుగా పలాస. జీడిపప్పు కొట్టులో డబ్బాల మీద 180, 240, 320 అని రాసుంది. పౌండు బరువుకి ఎన్ని విరగని పప్పులు తూగుతాయో ఆ లెక్క. పప్పు పెద్దదైతే అంకె చిన్నది, ధర పెద్దది. మా ఆవిడ అటు చూసి, “మీ ఆటలాగే ఉందండీ, అంకె తగ్గితేనే విలువ” అంది. కొట్టతను ఏది తూచమంటారని అడిగాడు. ఆవిడ నావైపు ఒకసారి చూసి, “మాకు బద్ద చాలు బాబూ, కూరలోకే” అంది.