బీవర్ చెరువులో మోడువారిన చెట్లు

శ్రోతలకు నమస్కారం.

అమెరికా ఈశాన్య మూలన ఉన్న మసాచుసెట్స్ రాష్ట్రంలో, ముఖ్యంగా దాని మధ్య, పడమటి ప్రాంతాల గుట్టల నడుమ కారులో వెళుతున్నవారికి అప్పుడప్పుడు ఒక వింత దృశ్యం కంటబడుతుంది. దట్టమైన అడవి ఉన్నట్టుండి తెగిపోయి, నల్లటి నీళ్లు, ఆ నీళ్లలో ఆకూ బెరడూ లేకుండా బూడిద రంగులో నిలబడిన పదుల కొద్దీ మోడులు కనిపిస్తాయి. కొత్తగా చూసినవారు ఇక్కడి చెట్లకు ఏదో తెగులు పట్టిందనుకుంటారు. నిజానికి అది బీవర్ అనే జంతువు కట్టిన చెరువు. బోస్టన్ చుట్టుపక్కల స్థిరపడిన తెలుగు కుటుంబాలు వారాంతాల్లో నడిచే అడవి దారుల పక్కన కూడా ఇలాంటి చెరువులు ఉన్నాయి. అక్కడికి ఏ కాలంలో ఏ ప్రాణి వస్తుంది, ఎందుకు వస్తుంది, దాన్ని ఎలా గమనించాలి అన్నది నేటి ప్రసంగ విషయం. నా అభిప్రాయం ముందే చెబుతాను. ఈ చెరువులకు వెళ్లేవారు బీవర్ కోసం నీళ్లకేసి చూస్తూ కూర్చుంటారు కానీ, అసలు చూడవలసినవి ఎవరికీ నచ్చని ఆ మోడులు.

బీవర్ మన దేశంలో లేదు కనుక దాని పరిచయం కొంత అవసరం. ఇది ఎలుకలు, ఉడుతలు, ఏదుపందుల కోవకు చెందిన కొరికే జంతువు. బాగా ఎదిగినది 15 నుంచి 30 కిలోల దాకా తూగుతుంది. దాని ముందు పళ్లు బతికినంత కాలం పెరుగుతూనే ఉంటాయి. పంటి పైపొరలో ఇనుము ఉండటం వల్ల అవి నారింజ రంగులో మెరుస్తాయి, ఆ ఇనుమే వాటికి గట్టిదనాన్ని ఇస్తుంది. పొలుసులతో కప్పిన వెడల్పాటి తోక, వేళ్ల మధ్య పొర ఉన్న వెనక కాళ్లు, నీట మునిగినప్పుడు కంటికి అడ్డుగా వచ్చే పారదర్శకమైన మూడో రెప్ప, పావుగంట దాకా ఊపిరి బిగబట్టగల శక్తి దాని సొత్తు. ఇది చేపలు పట్టుకుని తింటుందని చాలామంది నమ్ముతారు గానీ, బీవర్ అచ్చమైన శాకాహారి. చెట్టు బెరడు కింది లేత పొర, ఆకులు, గడ్డి, కలువ జాతి మొక్కల దుంపలు దాని ఆహారం.

వాగుకు అడ్డంగా కొమ్మలు, రాళ్లు, బురద పేర్చి బీవర్ కట్ట వేయడానికి తగిన కారణం ఉంది. కట్ట వెనక నీరు నిలిచి లోతు పెరిగితే దాని గూటి ద్వారం ఎప్పుడూ నీటి అడుగునే ఉంటుంది, కాబట్టి తోడేలును పోలిన కాయోటీలూ ఎలుగుబంట్లూ లోపలికి చొరబడలేవు. శీతకాలంలో పైన మంచు గడ్డకట్టినా అడుగున ఈదడానికి చోటు మిగులుతుంది. ఎక్కడైనా నీరు కారుతున్న చప్పుడు చెవిన పడితే చాలు, గండి మాట విన్న నీరటిలా అది పని మొదలుపెడుతుంది. స్వీడన్ శాస్త్రవేత్త లార్స్ విల్సన్ పారే నీటి చప్పుడును స్పీకరులో వినిపించినప్పుడు, అక్కడ చుక్క నీరు కారకపోయినా, బీవర్లు ఆ చప్పుడు వచ్చే చోటనే కొమ్మలు పేర్చాయి.

కట్ట లేచిన తరువాత ముంపులో చిక్కిన చెట్ల వేళ్లకు గాలి అందదు. కొన్నేళ్లలోనే అవి ఎండి మోడువారతాయి. అడవి యజమానికి అది నష్టమే, కాదనలేము. కానీ ఆ మోడులకు వడ్రంగి పిట్టలు తొర్రలు తొలుస్తాయి, మెత్తబడిన మానులో పురుగులు చేరతాయి, ఎత్తైన కొమ్మల పంగలు గూళ్లకు అనువుగా మిగులుతాయి, చుట్టూ ఉన్న నీరు కందకంలా కాపు కాస్తుంది.

నూటయాభై ఏళ్ల కిందట ఈ దృశ్యం మసాచుసెట్స్‌లో ఎక్కడా లేదు. యూరప్‌లో బీవర్ బొచ్చుతో చేసిన టోపీలకు విపరీతమైన గిరాకీ ఉండేది. 1670లో ఇంగ్లండు రాజు అనుమతితో ఏర్పడిన హడ్సన్స్ బే కంపెనీ ప్రధానంగా ఆ బొచ్చు వ్యాపారం మీదే ఎదిగింది. న్యూయార్క్ నగరపు అధికార ముద్ర మీద ఈ నాటికీ రెండు బీవర్ల బొమ్మలు ఉండటం ఆ వ్యాపారపు గుర్తే. వేట ఒకవైపు, అడవులు నరికి పొలాలు చేయడం మరొకవైపు సాగడంతో పద్దెనిమిదో శతాబ్దం ముగిసేసరికి మసాచుసెట్స్‌లో బీవర్ కనుమరుగైంది. మళ్లీ 1928లో రాష్ట్రపు పడమటి అంచున వెస్ట్ స్టాక్‌బ్రిడ్జ్ ఊరి దగ్గర అది కనిపించింది. 1932లో న్యూయార్క్ రాష్ట్రం నుంచి మూడు బీవర్లను తెచ్చి లెనాక్స్ దగ్గర వదిలారు. ఆ తరువాత అవి తమంతట తామే వాగు వెంట వాగుగా వ్యాపించాయి. ఇక్కడ ఒక ముచ్చట చెప్పక తప్పదు. 1948లో ఐడహో రాష్ట్రపు అధికారులు 76 బీవర్లను చెక్కపెట్టెల్లో పెట్టి, విమానం నుంచి పారాచూట్లతో కొండల మధ్య దించారు. వాటిలో ఒకటి తప్ప అన్నీ క్షేమంగా నేల చేరాయి.

ఇక రుతువుల సంగతి. ఈ చెరువుకు ఏడాది జనవరిలో మొదలు కాదు, మార్చిలో మొదలవుతుంది. అంచుల్లో మంచు పలచబడగానే ముందుగా వచ్చేది ఎర్రభుజాల నల్లపిట్ట. నల్లటి రెక్కల మీద ఎర్రటి మచ్చలు విప్పుతూ, జమ్ముగడ్డి కొసన కూర్చుని అరిచే మగపిట్టలు తమ హద్దులు చాటుకుంటాయి. ఆడపిట్టలు కొంత ఆలస్యంగా వస్తాయి. ఇంచుమించు అదే రోజుల్లో, చలికాలమంతా ఎండుటాకుల కింద గడ్డకట్టి పడి ఉన్న వుడ్ ఫ్రాగ్ అనే కప్ప లేస్తుంది. ఈ కప్ప ఒంట్లోని నీటిలో సగానికి పైగా నిజంగానే మంచుగా మారుతుంది, గుండె ఆగిపోతుంది. కణాల్లోకి చేరిన గ్లూకోజు లోపలి భాగాలను కాపాడుతుంది. వెచ్చబడగానే గుండె మళ్లీ కొట్టుకుంటుంది. ఏప్రిల్ రాత్రుల్లో స్ప్రింగ్ పీపర్ అనే బుల్లి కప్పలు అందుకుంటాయి. బొటనవేలి గోరుకన్నా కొద్దిగా పెద్దవైన ఈ కప్పలు వందల కొద్దీ ఒక్కసారిగా కీచుమంటే ఆ మోత దూరంగా రోడ్డు మీదికి కూడా వినిపిస్తుంది.

మార్చి నెలలోనే మోడుల మీదికి గ్రేట్ బ్లూ హెరాన్‌లు తిరిగి వస్తాయి. ఇది మన చెరువుల్లో కనిపించే నారాయణ పక్షికి దగ్గరి బంధువు, దానికన్నా పెద్దది. మోడు కొసన పుల్లలతో అల్లిన వెడల్పాటి పాత గూటికి మగపక్షి ఒక్కొక్క పుల్లే తెచ్చి ముక్కుతో అందిస్తే, ఆడపక్షి దాన్ని తీసుకుని, రెండు మూడు చోట్ల పెట్టి చూసి, నచ్చిన సందులో దూరుస్తుంది. నేలపట్టు చెరువు నీళ్లలో నిలిచిన కడప చెట్ల మీద గూడబాతులు గూళ్లు పెట్టడం చూసినవారికి ఈ ఏర్పాటు వెంటనే అర్థమవుతుంది. నేల మీది జంతువులు నీళ్లు దాటి చెట్టెక్కడం కష్టం. చెట్లకు ఆకులు లేకపోవడం హెరాన్‌కు దిగడానికీ ఎగరడానికీ వీలు, చూసే మనకూ వీలు. ఏప్రిల్ చివరిదాకా ఒడ్డునుంచే గూళ్లన్నీ లెక్కపెట్టవచ్చు. దగ్గరికి పోవడం మాత్రం తగదు. బెదిరిన పక్షులు గుడ్లను వదిలి లేస్తే వాటికోసం కాకులు కాచుకుని ఉంటాయి.

తొర్రల్లో మరో కాపురం సాగుతుంది. వుడ్ డక్ అనే రంగురంగుల బాతు చెట్టు తొర్రలోనే గుడ్లు పెడుతుంది కానీ, తొర్ర తొలిచే ముక్కు దానికి లేదు. వడ్రంగి పిట్ట విడిచిపెట్టినదో, కొమ్మ విరిగి కుళ్లినదో వెతుక్కుంటుంది. పిల్లలు గుడ్డు పగిలిన మర్నాడే బయటికి రావాలి. తల్లి ముందుగా తొర్ర అంచున చాలాసేపు కదలకుండా కూర్చుని చుట్టూ పరికిస్తుంది, తరువాత నీటి మీదికి దిగి మెల్లగా పిలుస్తుంది. తొర్ర నోట ఒక పసుపు నలుపు తల కనిపిస్తుంది. అది కిందికి చూసి, వెనక్కి తగ్గి, మళ్లీ అంచుకు వచ్చి, ఇంకా ఎగరడం రాని మొండి రెక్కలు చాచి దూకేస్తుంది. టపటపా ఒకదాని వెనక ఒకటి నీళ్లలో పడి, ఏమీ జరగనట్టు తల్లి వెనక ఈదుకుంటూ వెళ్లిపోతాయి. అంతా కొద్ది నిమిషాల్లో ముగుస్తుంది. యాభై అడుగుల ఎత్తునుంచి దూకినా వాటికి సాధారణంగా దెబ్బ తగలదు, అంత తేలిక. ఇరవయ్యో శతాబ్దం ఆరంభంలో వేట వల్ల అంతరించే స్థితికి వచ్చిన ఈ బాతు, 1918 నాటి వలస పక్షుల చట్టంతో, జనం కట్టిన చెక్కగూళ్లతో, తిరిగి వచ్చిన బీవర్ల చెరువులతో కోలుకుంది.

వసంతంలో బీవర్ల ఇంట్లో కూడా కదలిక ఉంటుంది. రెండేళ్లు నిండిన పిల్లలు ఇల్లు విడిచి కొత్త వాగు వెతుక్కుంటూ పోతాయి. ఉన్న కుటుంబం ఒడ్డున బురద కుప్పలు పోసి, వాటి మీద తమ గ్రంథుల ద్రవాన్ని వదిలి, ఈ చెరువుకు యజమాని ఉన్నాడని చాటుతుంది. ఘాటుగా, తీయగా ఉండే ఆ వాసన ఒకసారి పసిగడితే మరిచిపోలేము. కొన్నిచోట్ల బీవర్ గూటి కప్పు మీదే కెనడా గూస్ అనే పెద్ద బాతు గుడ్లు పొదుగుతూ కూర్చుంటుంది. కింద ఒక సంసారం, పైన ఒక సంసారం.

ఎండాకాలం గురించి తక్కువే చెబుతాను, ఎందుకంటే దోమలు అక్కడ మనల్ని ఎక్కువసేపు ఉండనీయవు. జూన్‌లో తాబేళ్లు ఒడ్డు దాటి ఇసుక నేలల్లో గుడ్లు పెడతాయి, ఆ రోజుల్లో రోడ్డు మీద కారు నెమ్మదిగా నడపాలి. దుంగల మీద పెయింటెడ్ తాబేళ్లు వరుసగా ఎండ కాచుకుంటాయి. మన వానాకాలంలో పొలాల మీద గుంపులుగా ఎగిరే పసుపు తూనీగ జాతే ఇక్కడా వేసవిలో కనిపిస్తుంది. ఖండాలు దాటి తిరిగే తూనీగ అది.

బీవర్‌ను చూడాలంటే సెప్టెంబరు, అక్టోబరు నెలలు రావాలి. మాపుల్ ఆకులు ఎర్రబడే ఆ రోజుల్లో కుటుంబమంతా పనిలో ఉంటుంది. కట్టకు బురద పూస్తాయి, గూటికి మట్టి మెత్తుతాయి, కొమ్మలు నరికి ఈడ్చుకొచ్చి గూటి ముందు నీటి అడుగున గుచ్చి చలికాలానికి మేత నిలవ చేస్తాయి. కోసిన చోట తాజా చెక్కపొట్టు తెల్లగా ఉంటే రాత్రి పని జరిగిందని అర్థం, నల్లబడితే పాతది. సూర్యాస్తమయానికి గంట ముందే వెళ్లి, గాలి మనమీదికి వీచే వైపు కూర్చోవాలి. బీవర్ చూపు అంతంత మాత్రమే కానీ ముక్కు, చెవులు చురుకైనవి. నీటి మీద కోణాకారపు గీత ఒకటి మీకేసి సాగివస్తే అది బీవర్ తలే. అనుమానం వచ్చిందా, తోకతో నీటిని ఫెడేలున కొట్టి మునుగుతుంది. ఆ చప్పుడుతో చెరువులోని బీవర్లన్నీ మాయమవుతాయి. ఆ పూటకు ఇక ఇంటికి పోవడమే మేలు.

డిసెంబరు నాటికి చెరువు గడ్డకడుతుంది. బీవర్లు నిద్రావస్థలోకి పోవు. మంచు కింద ఈది వెళ్లి, నిలవ చేసిన కొమ్మలు తెచ్చుకుని తింటాయి. బాగా చలి ఉన్న ఉదయం గూటి కొసన గాలి పోయే సందు చుట్టూ తెల్లటి మంచు పొడి పేరుకుని ఉంటే, లోపల వెచ్చటి ఊపిరులు ఉన్నాయన్న మాట. అడుగున పెయింటెడ్ తాబేలు నెలల తరబడి గాలి పీల్చకుండా గడుపుతుంది. ఒంట్లో పేరుకునే ఆమ్లాన్ని దాని చిప్పలోని ఖనిజాలు విరిచేస్తాయి. పైన మంచు మీద నీటికుక్కలు రెండడుగులు పరుగెత్తి పొట్ట మీద జారిన పొడవాటి గీతలు దొరుకుతాయి. అలాగని మంచు మీద నడవడం ప్రమాదం: బీవర్లు రాకపోకలు సాగించే దారుల మీద, కట్ట దగ్గర, మంచు పలచగా ఉంటుంది.

చూడబోయేవారికి మరో రెండు జాగ్రత్తలు. ఆ ప్రాంతపు గడ్డిలో లైమ్ వ్యాధిని మోసే పిడుదులు ఉంటాయి, కాబట్టి ఇంటికి రాగానే ఒళ్లంతా చూసుకోవాలి. ఎంత తేటగా కనిపించినా ఆ నీళ్లు మరగకాయకుండా తాగరాదు. బీవర్‌తో తగవులు కూడా నిజమే. తూములు పూడిపోయి రోడ్లు మునుగుతాయి, బావులు పాడవుతాయి. చాలా చోట్ల కట్ట గుండా పొడవాటి గొట్టం వేసి, దాని నోటికి తీగెల పంజరం తొడిగి, నీరు చప్పుడు లేకుండా పోయేటట్టు చేస్తారు. కట్ట పగలగొడితే రాత్రికి రాత్రే మళ్లీ లేస్తుంది కనుక ఇది నయమైన పద్ధతి.

చుట్టూ మేత తరిగిపోతే బీవర్లు వెళ్లిపోతాయి, కాపు లేని కట్టకు గండి పడుతుంది, అడుగున పేరుకున్న సారవంతమైన ఒండ్రు మీద గడ్డి మొలిచి మైదానమవుతుంది. మోడులు అంతకు ముందే ఒక్కటొక్కటిగా గాలివానలకు కూలుతాయి. మీరు ఏటా చూసే చెరువులో హెరాన్ గూళ్లు తగ్గుతూ వస్తే పక్షులకు ఏదో ముప్పు వచ్చిందని కంగారుపడనక్కరలేదు. అదే వాగుకు ఎగువనో దిగువనో కొత్తగా మునిగిన చెట్ల కోసం వెతకండి, అవి అక్కడికి కాపురం మార్చి ఉండవచ్చు. నమస్కారం.