గేటు కాపలా ఒకరిది, కంప్యూటర్ కాపలా ఇంకొకరిది అయితే ఎలా?

అందరికీ నమస్కారం. మన విశాఖలో కూర్మన్నపాలెం నుంచి గాజువాక మీదుగా సింధియా వైపు వస్తుంటే స్టీల్ ప్లాంట్, రిఫైనరీ, డాక్‌యార్డ్ వరసగా తగులుతాయి. మధ్యలో మన ఇళ్లు, స్కూళ్లు. గేట్ల దగ్గర తుపాకులతో జవాన్లు కనిపిస్తే భద్రంగానే ఉందిలే అనుకుంటాం. కానీ లోపల వాల్వులు తెరిచి మూసేది, ప్రెషర్ చూసుకునేది కంప్యూటర్లు. వాటి కాపలా ఇంకో డిపార్ట్‌మెంట్‌ది. ఈ ఇద్దరూ రోజూ మాట్లాడుకుంటున్నారా?

2017లో సౌదీ అరేబియాలో ఒక పెట్రోకెమికల్ ప్లాంట్ నెట్‌వర్క్‌లోకి హ్యాకర్లు దూరారు. వాళ్లు గురిపెట్టింది ప్రమాదం వస్తే ప్లాంట్‌ను ఆపేసే సేఫ్టీ కంట్రోలర్లకే. ఆ కంట్రోలర్‌కి ముందువైపు ఒక తాళంచెవి ఉంటుంది. 'రన్' వైపు తిప్పి ఉంచితే నెట్‌వర్క్ నుంచి ప్రోగ్రామ్ మార్చడం కుదరదు. అక్కడ అది 'ప్రోగ్రామ్' వైపే ఉండిపోయింది. చేత్తో తిప్పాల్సిన తాళంచెవండీ అది! దాన్ని చూడాల్సింది సెక్యూరిటీ వాళ్లా, ఐటీ వాళ్లా? ఎవరి డ్యూటీ చార్టులోనూ లేకపోతే అది అలాగే ఉంటుంది. హ్యాకర్ల ప్రోగ్రామ్‌లోనే తప్పు ఉండడంతో ప్లాంట్ దానంతటదే ఆగి, ప్రమాదం తప్పింది.

తప్పకపోతే ఏమవుతుందో విశాఖ వాళ్లకు చెప్పక్కర్లేదు. 2020 మే 7 తెల్లవారుజామున వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ ప్లాంట్ నుంచి లీకైన స్టైరీన్ (ప్లాస్టిక్ తయారీలో వాడే రసాయనం) ఆవిరికి 12 మంది పోయారు. అది దాడి కాదు. అయినా ఆ రోజు సైరన్ మోగలేదు. రక్షణ కోసం పెట్టింది అవసరానికి పనిచేయకపోతే ఎలా ఉంటుందో మన ఊరు చూసింది.

ఇంకో సంగతి. రాత్రి 10కి ఒక ఇంజనీర్ గేటు దగ్గర పంచ్ కొట్టి ఇంటికి వెళ్లాడనుకోండి. 2 గంటలకు కంట్రోల్ రూమ్ కంప్యూటర్‌లోనే అతని పేరుతో లాగిన్. పాస్‌వర్డ్ సరైనదే కాబట్టి ఐటీకి అనుమానం రాదు. మనిషి బయటికెళ్లాడు కాబట్టి గేటుకీ రాదు. రెండు రికార్డులూ పక్కపక్కన పెడితే నిమిషంలో దొరుకుతుంది. షట్‌డౌన్ పనులకు (ప్లాంట్ ఆపి చేసే మరమ్మతులకు) వచ్చిన కాంట్రాక్టు వాళ్ల విషయమూ అంతే: పని అవ్వగానే గేట్ పాస్ రద్దు చేస్తారు, మరి లాగిన్? గేటు మీది సీసీ కెమెరా కూడా నెట్‌వర్క్‌లో ఉన్న కంప్యూటరే, దాని పాస్‌వర్డ్ కంపెనీ నుంచి వచ్చినప్పటిదేనా?

సైబర్ దాడి జరిగిందని తెలిసిన 6 గంటల్లోపు తమకు చెప్పాలని, ఇలాంటి దాడులను చూసుకునే కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2022లోనే ఆదేశించింది. రెండు విభాగాలూ ఒకే కంట్రోల్ రూమ్‌లో లేకపోతే ఆ 6 గంటలూ ఫోన్లకే సరిపోతాయి.

ప్లాంట్లలో మంటలు, గ్యాస్ లీకుల మీద మాక్ డ్రిల్స్ చేస్తూనే ఉన్నారు. ఈసారి స్క్రీన్ మీద ప్రెషర్ తప్పుగా చూపిస్తోందనుకుని ఒకటి చేయండి. గేటు వాళ్లను, ఐటీ వాళ్లను, షిఫ్ట్ ఇంజనీర్లను కలిపి.