మెరిసే పసుపు

శ్రోతలకు నమస్కారం.

పిల్లాడు ఒకచోట కుదురుగా కూర్చోడు, దేనిమీదా మనసు నిలపడు, ఊరికే తోటిపిల్లల మీద చెయ్యి చేసుకుంటాడు. మనవాళ్లు ముందు ఎవర్నంటారు? తల్లిని. ‘గారాబం చేసి పాడుచేశావు’ అంటారు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. బిడ్డ కడుపులో ఉండగానే మెదడు మీద సీసం (లెడ్) అనే విషలోహం ప్రభావం పడినా ఇలాంటి లక్షణాలు రావచ్చని పరిశోధనలు చెబుతున్నాయి. అల్లరి చేసే ప్రతి పిల్లాడికీ అదే కారణమని కాదు సుమా! కానీ తల్లి రక్తంలో సీసం ఉంటే మావి దాన్ని ఆపలేదు. అది బిడ్డకూ చేరుతుంది.

మరి తల్లికి ఎక్కణ్ణుంచి వచ్చింది?

బంగ్లాదేశ్ పల్లెల్లో గర్భిణులకు రక్తపరీక్షలు చేస్తే దాదాపు ముగ్గురిలో ఒకరికి సీసం ఎక్కువగా ఉంది. పల్లెటూరి ఆడవాళ్లకు సీసమేమిటి? స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన జెన్నా ఫోర్సైత్, ఢాకా పరిశోధకులతో కలిసి ఆరా తీశారు. పురుగుమందులా? టంకం వేసిన డబ్బాలా? తినే మట్టా? ఒక్కొక్కటే చూసుకుంటూ పోయారు. సీసంలోనూ రకాలుంటాయి, ఐసోటోపులంటారు. వాటి పాళ్లు పోల్చి చూస్తే సీసం ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆచూకీ దొరుకుతుంది. ఆ తల్లుల రక్తంలోని సీసం దేనితో సరిపోయిందో తెలుసా? పసుపుతో. రోజూ కూరలో వేసే పసుపుతో!

1980లలో అక్కడ పెద్ద వరదలొచ్చి పసుపు తడిసి, రంగు వెలిసిపోయింది. వెలిసిన పసుపు ఎవరు కొంటారు? అందుకని కొమ్ములకు పాలిష్ పట్టేటప్పుడు లెడ్ క్రోమేట్ కలిపారు. పెయింట్లలో వేసే, సీసం ఉన్న పసుపుపచ్చ రంగు అది. వరద పోయింది, అలవాటు పోలేదు. చాలామంది మిల్లువాళ్లకు అది విషమని కూడా తెలియదట.

2019లో ఈ సంగతి బయటపడ్డాక అక్కడి ప్రభుత్వం కదిలింది. ఢాకాలోని శ్యాంబజార్ టోకు మార్కెట్ మీద దాడి చేసి, సరుకు పట్టుకుని, వ్యాపారులకు జరిమానా వేసింది. టీవీల్లో చూపించారు, మార్కెట్లలో నోటీసులు అంటించారు. 2019లో బజారు పసుపు నమూనాల్లో 47 శాతంలో సీసం కనిపించింది. 2021 నాటికి సున్నా. రెండేళ్లలో సున్నా! ప్రభుత్వాలు తలుచుకుంటే కానిదేముంది అనిపిస్తుంది నాకు.

మన దేశంలోనూ పాట్నా బజారులో సీసం కలిసిన పసుపు దొరికింది. మన నిజామాబాద్, దుగ్గిరాల పసుపును అనుమానించమని నేను చెప్పడం లేదు. కానీ ఇంట్లో కడుపుతో ఉన్న అమ్మాయి ఉంటే ఒక్క విషయం చూడండి. పొడి ఎందుకు, కొమ్ములు కొని మర పట్టించుకుంటే చాలనుకుంటాం. రంగు పూసేది కొమ్ములకే! అందుకని కొట్లో మెరిసే కొమ్ములు చూపిస్తే పక్కన పెట్టండి. పాలిష్ పట్టనివి, పైన మట్టిరంగు తొక్క ఉన్నవి కావాలని అడగండి. నమస్కారం.