లారీ కదిలేటప్పుడు వణుకు: గేర్‌బాక్స్ దించే ముందు

ప్రిన్సిపాల్ గారికి, మాస్టార్లకు, డీజిల్ మెకానిక్ ట్రేడు పిల్లలందరికీ నమస్కారం.

నేను విజయవాడ ఆటోనగర్‌లో నలభై ఏళ్ళు లారీల కింద పడుకుని పనిచేసినవాణ్ణి. ఇవాళ ఒక్క జబ్బు గురించే మాట్లాడతాను. అవసరం లేకుండా ఎన్నో గేర్‌బాక్సులను కిందికి దింపిన జబ్బు ఇది.

ఒక పాత టాటా 1210ని ఊహించుకోండి. 1954లో టాటా వాళ్ళు జర్మనీ డైమ్లర్-బెంజ్‌తో కలిసి లారీల తయారీ మొదలుపెట్టారు. ఆ వంశంలో పుట్టిన బండే ఇది. మన విజయవాడ బెంజి సర్కిల్ పేరు కూడా ఆ లారీల పుణ్యమే. 1210 అంటే లోడుతో కలిపి 12 టన్నుల బండి. డ్రైవరు ఫస్టు గేరు వేసి క్లచ్ మీద నుంచి కాలు మెల్లగా తీస్తాడు. బండి మెత్తగా కదలాలి. అలా కాకుండా దడదడ వణుకుతుంది. అద్దాలు గడగడలాడతాయి, దేవుడి పటానికి వేసిన దండ ఊగిపోతుంది. కాలు పూర్తిగా తీసేశాక ఆ వణుకు ఉండదు, రోడ్డు మీద బండి శుభ్రంగా పోతుంది.

దీన్ని మిగతా క్లచ్ జబ్బులతో కలపకండి. ఇంజను రేజ్ అవుతున్నా బండి లాగకపోతే, ఇంజన్నీ గేర్‌బాక్స్‌నీ కలిపే క్లచ్ ప్లేటు జారుతున్నట్టు. గేరు వేసేటప్పుడు గరగరమంటే క్లచ్ పూర్తిగా విడవడం లేదన్నమాట. పట్టుకునే ఆ రెండు మూడు క్షణాల్లో మాత్రమే వణికితే, అదీ మనం మాట్లాడుకునే జబ్బు.

అసలు ఎందుకు వణుకుతుంది? ఈ సుద్దముక్క చూడండి. బోర్డు మీద వాల్చి గీస్తే గీత నున్నగా పడింది. ఇప్పుడు నిటారుగా పట్టుకుని తోస్తాను. కీచుమంది, గీత చుక్కలు చుక్కలుగా పడింది. సుద్ద పట్టుకుంటోంది, జారుతోంది, మళ్ళీ పట్టుకుంటోంది. క్లచ్ ప్లేటు కూడా ఇదే చేస్తుంది. ఇంజను వెనక ఉండే బరువైన చక్రం, ఫ్లైవీల్, నిమిషానికి ఆరేడు వందల చుట్లు తిరుగుతుంటుంది, గేర్‌బాక్స్ షాఫ్టు ఆగి ఉంటుంది. ఆ తేడాను ప్లేటు జారుతూ, జారుతూ సరిచేయాలి. ఆ జారుడు నున్నగా లేకపోతే సెకనుకు సుమారు పదిసార్లు పట్టీ వదిలీ పట్టీ వదిలీ ఛాసిస్ మొత్తాన్ని కుదిపేస్తుంది.

కాబట్టి రెండే ప్రశ్నలు. ప్లేటు సమానంగా పట్టుకోవడం లేదా? లేక ప్లేటు బాగానే పట్టుకున్నా ఇంజనూ గేర్‌బాక్సూ తమ చోట కుదురుగా నిలబడటం లేదా? రెండోది బయటి నుంచే తెలుస్తుంది. అందుకే ముందు దాన్ని చూడాలి.

అన్నిటికంటే ముందు డ్రైవర్ గారిని కూర్చోబెట్టి టీ ఇప్పించి అడగండి. ఎప్పుడు వణుకుతోంది? రాత్రంతా వానలో నిలిచిన బండి పొద్దున రెండు మూడుసార్లు వణికి సర్దుకుంటే ఫ్లైవీల్ మీద పలచగా తుప్పు పట్టినట్టు, దాన్ని ముట్టుకోనక్కర్లేదు. మారేడుమిల్లి ఘాట్ లాంటి చోట హాఫ్ క్లచ్ మీద, అంటే పెడలు సగమే వదిలి, ఎక్కాక వేడెక్కి వణికితే ఫ్లైవీల్‌నీ ప్లేటునీ అనుమానించాలి. ముందుకు వెళ్ళేటప్పుడు వణికి రివర్సులో వణకకపోతే ఇంజన్ని ఛాసిస్ మీద పట్టి ఉంచే మౌంటింగు రబ్బర్ల మీద అనుమానం పెట్టుకోండి. ఎందుకంటే ముందుకు వెళ్ళేటప్పుడు ఇంజను ఒక పక్కకు ఒరుగుతుంది, రివర్సులో రెండో పక్కకు.

తర్వాత చక్రాలకు ముందూ వెనకా చెక్కలు పెట్టి, హ్యాండ్ బ్రేకు వేసి, నమ్మకమైన మనిషిని సీట్లో కూర్చోబెట్టండి. సెకండ్ గేరులో క్లచ్‌ని కొద్దిగా, చాలా కొద్దిగా వదలమనండి. మీరు పక్కన నిలబడి ఇంజన్ని చూడండి. లారీకి ఎదురుగా గానీ వెనక గానీ ఎవరూ ఉండకూడదు, ఇది మాత్రం మరిచిపోకండి. ఇంజను ఒక పక్క లేచి దబ్బున పడితే రబ్బరు తెగినట్టే. ఇంజను ఆపేశాక కిందికి వెళ్ళి క్లచ్‌ని కప్పి ఉండే బెల్ హౌసింగ్ బోల్టులు, గేర్‌బాక్స్ నుంచి వెనక ఇరుసుకు పోయే ప్రొపెల్లర్ షాఫ్టు క్రాసులు, అంటే కీళ్ళు, ఆ షాఫ్టును నడుమ మోసే సెంటర్ బేరింగు, ఇరుసును కమాను కట్లకు బిగించే యూ బోల్టులు చేత్తో, పానాతో చూడండి. అరగంట పని. సగం కేసులు ఇక్కడే తేలిపోవడం నేను చూశాను.

ఇంకొకటి. బెల్ హౌసింగ్ అడుగున చిన్న రంధ్రం ఉంటుంది. అక్కడ నూనె చుక్క కనిపిస్తే వేలికి అంటించుకుని వాసన చూడండి. గంధకం లాగా ఘాటుగా ఉంటే గేర్ ఆయిలు, గేర్‌బాక్స్ ముందు షాఫ్టు దగ్గర నూనె కారకుండా ఆపే సీలు పోయింది. నల్లగా ఉంటే ఇంజనాయిలు, క్రాంకు వెనక సీలు పోయింది. ఆ సీలు మార్చకుండా కొత్త ప్లేటు వేస్తే కొద్ది రోజులకే అదీ నూనె తాగేస్తుంది. ఓనరు గారు అప్పుచేసి తెచ్చిన డబ్బు నూనెలో పోసినట్టవుతుంది.

ఇవన్నీ చూశాకనే గేర్‌బాక్స్ దించండి. దించాక లోపలి దుమ్మును ఎయిర్ గొట్టంతో ఊదొద్దు, మిమ్మల్ని చేతులెత్తి అడుగుతున్నాను. పాత ప్లేట్ల ఫేసింగులో, అంటే ప్లేటు మీది రాపిడి పొరలో, ఆస్‌బెస్టాస్ ఉండేది. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే ఎన్నో ఏళ్ళ తర్వాత క్యాన్సరై బయటపడొచ్చు. ఆ సంగతి తెలియక ఏళ్ళ తరబడి ఊదినవాళ్ళం మేము. ముక్కుకు మాస్కు కట్టుకుని తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను తడి ఆరకముందే సంచిలో మూతికట్టి పారేయండి.

ఫ్లైవీల్ మీద నీలం మచ్చలుంటే అక్కడ వేడికి ఇనుము గట్టిపడింది. ఎమరీ పేపరుతో పోదు. లేత్ మీద పైపొర పలచగా చెక్కించాలి, దాన్నే స్కిమ్మింగు అంటాం, మచ్చలు లోతుగా ఉంటే ఫ్లైవీలే మార్చాలి. మెట్టు ఉన్న ఫ్లైవీల్ అయితే రెండు అంతస్తులూ సమానంగా తీయించాలి. క్లచ్ ప్లేటును ఫ్లైవీల్‌కి అదిమే ప్రెజర్ ప్లేటు ఫింగర్లన్నీ ఒకే ఎత్తులో ఉన్నాయా, గేర్‌బాక్స్ షాఫ్టు కొసను మోసే పైలట్ బేరింగు ఊగుతోందా, షాఫ్టు పళ్ళ మీద ప్లేటు హాయిగా జరుగుతోందా చూడండి.

నేను చేసిన తప్పు కూడా చెప్పాలి. 1987లో ఒక 1210కి కొత్త ప్లేటు వేశాను. వణుకు తగ్గలేదు సరికదా పెరిగింది. కంపెనీ ప్లేటే బాగాలేదని వాదించాను. మా మేస్త్రి గారు ఏమీ అనకుండా మళ్ళీ దింపించారు. ప్లేటును విడి షాఫ్టుకు తొడిగి, అంచు దగ్గర సుద్దముక్క కదలకుండా పట్టుకుని, "తిప్పరా" అన్నారు. తిప్పాను. సుద్ద ఒక పక్కనే అంటింది, రెండో పక్క అంటలేదు. ప్లేటు వంగింది. వంచింది నేనే. గేర్‌బాక్స్ ఎక్కించేటప్పుడు చేతులు నొప్పెట్టి, బోల్టులు పడకముందే దాని బరువంతా షాఫ్టు మీద వదిలేశాను. షాఫ్టు కొస ప్లేటు మధ్యలో ఉంది కదా, ఆ బరువుకు ప్లేటు వంగిపోయింది. రెండో ప్లేటు డబ్బులు మేస్త్రి గారే కట్టారు. ఆ రోజు నుంచి గేర్‌బాక్స్ కింద జాకీ లేకుండా, దారి చూపే గైడు బోల్టులు రెండు పెట్టకుండా నేను ఎక్కించలేదు.

ఈ గోనెసంచిలో నాలుగు పాత ప్లేట్లు తెచ్చాను, శుభ్రంగా కడిగినవే. ఒకటి నూనె తాగింది, ఒకటి కాలింది, ఒకటి వంగింది, ఒకదానికి ఏ జబ్బూ లేదు. సుద్దముక్క, షాఫ్టు బల్ల మీదున్నాయి. ముందు బెంచీ వాళ్ళు రండి, ఏది ఏదో నాకు చెప్పండి.