డిజైన్ ముక్కలుగా రాదు

మిత్రులందరికీ నమస్కారం.

ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్, అంటే కోడ్ అందరికీ తెరిచి ఉంచే సాఫ్ట్‌వేర్, వాడటం కష్టమనే మాట మీరంతా వినే ఉంటారు. ప్రోగ్రామర్లకు డిజైన్ తెలియకపోవడమే కారణమంటారు చాలామంది. నేను ఒప్పుకోను. చిక్కంతా పని జరిగే పద్ధతిలో ఉంది.

కోడ్ చిన్న చిన్న ప్యాచ్‌లుగా, అంటే మార్పుల ముక్కలుగా, వస్తుంది. ఎక్కడో ఒకరు బగ్ సరిచేసి పంపుతారు, ఇంకొకరు చూసి కలుపుతారు. ఇద్దరికీ పరిచయం ఉండక్కర్లేదు. ఇంటర్‌ఫేస్, అంటే యూజర్ చూసి వాడే తెర, అలా రాదు. ఒక మెనూ మారిస్తే దానికి సంబంధించిన డైలాగులు మారాలి, షార్ట్‌కట్లు మారాలి, ఏళ్లుగా వాడుతున్నవాళ్ల చేతి అలవాటూ మారాలి. తెర మొత్తాన్నీ ఎవరో ఒకరు మనసులో పెట్టుకుని ఆలోచించాలి. మరి మనం ఏం చేస్తున్నాం? అభిప్రాయాలు కలవకపోతే "సెట్టింగుల్లో ఒక ఆప్షన్ పెట్టేద్దాం" అంటాం. మన గొడవ తీరిపోతుంది, తేల్చుకునే భారం కొత్త యూజర్ నెత్తిన పడుతుంది.

బొమ్మలు దిద్దే గింప్ సాఫ్ట్‌వేర్‌నే తీసుకోండి. 1995లో బర్క్‌లీలో ఇద్దరు విద్యార్థులు మొదలుపెట్టారు. బొమ్మకో విండో, టూల్స్‌కో విండో, లేయర్లకో విండో. అన్నీ ఒకేచోట కావాలని జనం ఎన్నాళ్లుగానో అడిగితే 2012లో 2.8 వెర్షన్‌తో ఆ సౌకర్యం వచ్చింది. డిఫాల్ట్, అంటే ఏమీ మార్చకుండానే వచ్చే ఏర్పాటు, అయింది మాత్రం 2018లో. అడిగింది ఇచ్చాక కూడా ఆరేళ్లు అది మెనూ లోపలే ఉండిపోయింది. అవసరమున్న కొత్తవాళ్లకే అది అక్కడుందని తెలియదు.

త్రీడీ బొమ్మలు, యానిమేషన్ చేసే బ్లెండర్ కథ వేరు. 2002లో అభిమానులు లక్ష యూరోలు పోగుచేసి దాని కోడ్‌ను కంపెనీ చేతుల్లోంచి విడిపించుకున్నారు. అందులో వస్తువును ఎంచుకోవాలంటే కుడి క్లిక్ చేయాల్సి వచ్చేది. ఎడమ క్లిక్ చేస్తే, కొత్త వస్తువు ఎక్కడ రావాలో చూపే త్రీడీ కర్సర్ కదిలేది. ఎంచుకోవడానికి ఒక బటన్, పని చేయడానికి ఇంకో బటన్ ఉంటే పొరపాట్లు తగ్గుతాయన్న వాదన ఉండేది. అలవాటైనవాళ్లకు అది నిజంగానే హాయి. కానీ తొలిసారి తెరిచినవాడు ఎడమ క్లిక్ చేసి, వస్తువు ఎంపిక కాక బిక్కమొహం వేసేవాడు. 2019లో వచ్చిన 2.80 వెర్షన్ ఎడమ క్లిక్‌ను డిఫాల్ట్ చేసింది. పాతవాళ్లు కుడి క్లిక్కే ఉంచుకోవచ్చు, ఆ ఎంపిక మొదటి తెర మీదే కనిపిస్తుంది.

ఆప్షన్ ఇక్కడా ఉంది, కాకపోతే డిఫాల్ట్ ఏమిటో ఎవరో తేల్చారు. ఆమ్‌స్టర్‌డామ్‌లో బ్లెండర్‌తో షార్ట్ ఫిల్ములు తీసే ఆర్టిస్టులు, కోడ్ రాసేవాళ్లు ఒకేచోట కూర్చుని పనిచేశారు. ఆర్టిస్టు ఎక్కడ ఆగిపోతున్నాడో డెవలపర్ కళ్లారా చూశాడు. చివరి మాట చెప్పడానికి అప్పట్లో బ్లెండర్ సృష్టికర్త టోన్ రూసెండాల్ ఉండేవారు. మనలో చాలామందికి ఇలాంటి చివరి మాట నచ్చదు, స్వేచ్ఛకు విరుద్ధమనిపిస్తుంది. నాకు అలా అనిపించదు. కోడ్‌కు మెయింటైనర్, అంటే ప్యాచ్‌లు చూసి కలిపే బాధ్యుడు, కాదనగలిగినప్పుడు తెరకూ అలా కాదనేవాళ్లు ఉండాలి.

సంగీత స్వరాలు రాసుకునే మ్యూజ్‌స్కోర్ ఇంకో అడుగు ముందుకు వేసింది. దాని ఇంటర్‌ఫేస్‌ను వీడియోలో గట్టిగా విమర్శించిన మార్టిన్ కీరీకే డిజైన్ బాధ్యత అప్పగించింది. 2022లో నాలుగో వెర్షన్ ఆయన సారథ్యంలోనే వచ్చింది.

తెలుగు అనువాదాలు చేసేవాళ్లకు ఒక మాట. ఇంగ్లీషు అక్షరాల ఎత్తుకు సరిపోయేలా గీసిన బటన్‌లో మన వత్తులు కింద తెగిపోతుంటాయి. అనువాదం పూర్తయినట్టు లెక్కలో కనిపిస్తుంది, తెర మీద మాత్రం చదవలేం. అలాంటిది కనబడితే స్క్రీన్‌షాట్ తీసి బగ్ రాయండి. మెయింటైనర్లూ, దాన్ని చిన్న విషయమని పక్కన పెట్టకండి. ఆ బటన్ చదవలేని మనిషికి ఆ ఫీచర్ లేనట్టే.